వేలు తడిపి చూసిన సంతకం

టర్నీ క్రీక్, కెంటకీ
సెప్టెంబర్ 27

ఒరేయ్ గార్లండ్,

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేంటని విసుక్కోకు. ఫోనులో నువ్వు ఆఫీసు గొంతుతో మాట్లాడతావు. కాగితం మీదైతే ఇంకా నా తమ్ముడివే. పైగా మా ఫోను వంటింటి గోడకి ఉంది. మీ బావ పక్క గదిలో పడుకుని నేననే ప్రతి ముక్కా వింటాడు. ఈ కొండల మధ్య సెల్లు పలకదని నీకు చెప్పక్కర్లేదు.

అసలు సంగతి విను. ఎల్డన్‌కి మీ ఊరి పక్కనున్న సర్కారు పరిశోధనాసుపత్రిలో చోటు దొరికిందిరా! అక్టోబర్ ఆరు, సోమవారం రమ్మన్నారు. ఒడెట్ అని ఒక నర్సమ్మ ఫోన్ చేసింది, ఎంత మంచి మాటలు చెప్పిందో. కిడ్నీలో పుట్టి ఊపిరితిత్తుల్లోకి పాకిన ఇలాంటి జబ్బుకే ఆ కొత్త మందట. పదిమందికి ఇస్తే నలుగురికి బాగా పనిచేసిందట. నలుగురంటే తక్కువా!

ఒకటే షరతు. కొత్త మందు ఎక్కించేముందు నాలుగు వారాలు పాత బిళ్ళలు ఒంట్లో ఉండకూడదు. సెప్టెంబర్ ఎనిమిది నుంచి ఆపేశాం. ఆ బిళ్ళలు జబ్బుని తగ్గించలేదు గానీ పెరగకుండా పట్టి ఉంచాయి. ఇప్పుడు పట్టి ఉంచేదేమీ లేదు. అందుకే రోజులు లెక్కపెడుతున్నా.

టీవీలో ఒకటో తారీఖు నుంచి ప్రభుత్వం మూతపడుతుందని ఒకటే గోల. ఆసుపత్రి కూడా మూస్తారా? నువ్వక్కడే ఉన్నావు, నీకు తెలియాలి. మీ బావనడిగితే, "మీ తమ్ముడు అక్కడ కూర్చుని నట్లు బిగిస్తుంటే ప్రభుత్వం ఊడిపోక ఏమవుతుందే" అంటున్నాడు. నీకు లారీ నడపడం నేర్పినప్పుడు కాలవలో దింపావని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు. నవ్వితే దగ్గు.

నీ అక్క
వెర్నా

—

వాషింగ్టన్
అక్టోబర్ 2

అక్కా,

నీ ఉత్తరం అందేసరికి మూతపడనే పడింది. ఆసుపత్రికి ఫోన్ చేశాను. లోపలున్న రోగుల్ని చూస్తారు. కొత్తవాళ్ళని మాత్రం ప్రభుత్వం తెరిచేదాకా చేర్చుకోరు. ఒడెట్ గారి తప్పేమీ లేదు, ఆవిడా జీతం లేకుండానే పనిచేస్తోంది.

నువ్వు కంగారు పడకు. ఇది ఏటా జరిగే తగువే. ఇద్దరూ మొహాలు మాడ్చుకుంటారు, నాలుగు రోజులాగి చేతులు కలుపుతారు. మహా అయితే వారం. నిన్న ప్రతినిధుల సభలో మన జిల్లా సభ్యుడు, మా సారు బ్రాకెన్ గారు, ఆ ఆసుపత్రి ఒక్కదాన్నీ విడిగా తెరవమనే తీర్మానానికి అవునని ఓటేశారు. దాని మీద ఆయన పేరుతో నేను రాసిన సందేశం మీ రేడియోలో కూడా వచ్చుంటుంది. "రోగుల్ని వాకిట్లో నిలబెట్టను" అన్నది నా వాక్యమే. బ్రాకెన్ గారి నోట్లో పడేసరికి నాకే గొప్పగా వినిపించింది.

బావ లారీల కింద దూరడం మానేశాడా? మానమను. దగ్గున్నవాడికి బొగ్గుమసి ఎందుకు. కాలవలో దించింది నేను కాదనీ, బ్రేకు సరిగ్గా పెట్టనిది ఆయనేననీ చెప్పు.

నీ
గార్లండ్

—

టర్నీ క్రీక్
అక్టోబర్ 8

గార్లండ్,

నీ వారం అయిపోయింది. సోమవారం ఉదయం ఏమీ తోచక, సర్దిన సూట్‌కేసు విప్పి మళ్ళీ సర్దాను.

ఇక్కడి డాక్టర్ సైజ్‌మోర్ దగ్గరికెళ్ళాం. ఆయన మొహమాటం లేని మనిషి. "ఇంకో వారంలో తెరుస్తారంటే ఆగండి. లేదంటే ఇవాళే బిళ్ళలు మొదలుపెట్టండి" అన్నాడు. మొదలుపెడితే ఆ నాలుగు వారాలూ మళ్ళీ మొదటికొస్తాయి. ఆ లోపు తెరిస్తే మన చోటు ఇంకొకరికి పోతుంది. మొదలుపెట్టకపోతే జబ్బు ఊరుకోదు. ఎటు చూసినా గొయ్యే. ఎప్పుడు తెరుస్తారో తెలిస్తే చాలురా, ఏదో ఒకటి తేల్చుకుంటాను.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను, తిట్టకు. బ్రాకెన్ గారికి నేనే ఉత్తరం రాశాను. నీ పేరు ఎత్తలేదు, అక్కాతమ్ముళ్ళమని తెలిస్తే నీకు మాటొస్తుందని. వెర్నా టాకెట్ అనే రాశాను. ఆయన బోర్డు మూడు ఎన్నికల నుంచి మా వాకిట్లోనే ఉంది, ఆ మాత్రం అడిగే హక్కు నాకుంది. బిళ్ళల సంగతి, నాలుగు వారాల సంగతి అంతా పూసగుచ్చినట్టు రాసి, "ఆగమంటారా, వద్దంటారా" అని అడిగాను.

ఎల్డన్ మూడు పౌండ్లు తగ్గాడు. బెల్టుకి కొత్త చిల్లు పొడుచుకుంటూ, నడుము నాజూకైంది చూడవే అంటాడు. ఆ మనిషికి నవ్వులాట తప్ప ఇంకేం రాదు.

అక్క

—

వాషింగ్టన్
అక్టోబర్ 11

అక్కా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు గానీ ఒక మంచి కబురుంది, ఆగలేక రాస్తున్నా.

బావ సంగతి నేనే బ్రాకెన్ గారికి చెప్పాను. ఎప్పుడూ నిలబడే మాట్లాడే మనిషి కుర్చీలాక్కుని కూర్చున్నారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా, ఒట్టు. "ఆ మనిషి పేరు సభలో చెబుతాను" అన్నారు. మంగళవారం, పద్నాలుగున, ఉదయం పదిన్నరకి. ప్రసంగం నేనే రాస్తున్నా. బావకి అభ్యంతరం లేదు కదా? ఉంటే సోమవారంలోగా ఫోన్ చెయ్యండి, పేరు తీసేస్తా. సభని చూపించే టీవీ చానల్లో వస్తుంది.

ఆపిన బిళ్ళల విషయం మీ డాక్టర్ గారినే అడగండి. చర్చలు జరుగుతున్నాయి. అందరూ వచ్చే వారమే అంటున్నారు.

నీ
గార్లండ్

—

టర్నీ క్రీక్
అక్టోబర్ 17

ఒరేయ్ తమ్ముడూ,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు!

మంగళవారం మా ముందుగది పట్టలేదనుకో. చర్చి వాళ్ళు, గ్యారేజీ వాళ్ళు, ఎదురింటి ముసలమ్మ. ఎల్డన్ పెళ్ళిళ్ళకి వేసుకునే చొక్కా వేసుకుని, టై కట్టమన్నాడు. టీవీలో కనబడేది నువ్వు కాదయ్యా అంటే, "ఆయన నా పేరెత్తుతుంటే నేను బనియనుతో కూర్చోనా?" అన్నాడు. బ్రాకెన్ గారు నిలబడి, "మా టర్నీ క్రీక్‌లో ఎల్డన్ టాకెట్ అనే మెకానిక్ ఉన్నాడు. ముప్పైయేళ్ళు ఊళ్ళోవాళ్ళ బళ్ళు నడిచేలా చూసిన మనిషి, ఇవాళ ఒక తలుపు ముందు నిలబడి ఉన్నాడు" అన్నారు. ఎదురింటి ముసలమ్మ ఏడ్చింది. ఎల్డన్ ఎవరివైపూ చూడలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

నిన్న పోస్టులో ఆయన జవాబొచ్చింది! బంగారు ముద్ర ఉన్న కాగితం. "ఆ ఆసుపత్రి తెరవడానికి నేను ఓటేశాను. మీ భర్త అక్కడ మంచమెక్కేదాకా నేను పొయ్యి మీది గిన్నె దించను" అని రాశారు. చదివి ఉలిక్కిపడ్డాను. అది మన అమ్మ మాట కాదూ? నాన్న గనిలోంచి రావడం ఆలస్యమైతే ఆవిడ అనే మాటే. ఆయన్నీ మన అమ్మలాంటి తల్లే పెంచిందన్నమాట.

అయినా నేను తేలిగ్గా నమ్మే రకం కాదు. నాన్న చేసినట్టే బొటనవేలు నాలుక మీద తడిపి సంతకం మీద రుద్దాను. గుర్తుందా, యూనియన్ పెద్దల ఉత్తరాలన్నీ అలాగే చూసేవాడు. చెదిరితే మనిషి పెట్టింది, చెదరకపోతే అచ్చు. చెదిరిందిరా! నీలం సిరా వేలికంటుకుంది. ఎల్డన్‌కి వేలు చూపించాను.

మంగళవారం పొద్దున సైజ్‌మోర్ గారి మాట విని బిళ్ళలు మొదలుపెడదామనే అనుకున్నాం. ప్రసంగం విన్నాక ఎల్డన్ ససేమిరా అన్నాడు. "అంత మంది ముందు నేను వాకిట్లో నిలబడి ఉన్నానని ఆయన చెప్పాక, నేనిక్కడ బిళ్ళలు మింగుతూ చోటు పోగొట్టుకుంటే ఆయన మాట ఏమవ్వాలి? ఆయన్ని నవ్వులపాలు చెయ్యను" అన్నాడు. నేను ఇంకా పీకులాడుతూనే ఉన్నాను. నిన్న ఆ సిరా చూశాక నేనూ సరే అన్నాను.

కానీ రాత్రుళ్ళు దగ్గు ఎక్కువైంది. గార్లండ్, నువ్వు లోపలున్నవాడివి. ఒక్క మాట రాయి. ఆగనా, బిళ్ళలు వెయ్యనా? ఆగమంటే ఆగు అను, వెయ్యమంటే వెయ్యి అను. ఇంకేమీ వద్దు.

ఆపిల్ పళ్ళు ముద్దగా ఉడికించి ఆపిల్ బటర్ చేసి, బ్రాకెన్ గారికి విడిగా ఒక సీసాడు పంపాను. ఈసారి దాల్చినచెక్క కాస్త ఎక్కువ పడింది.

నీ అక్క
వెర్నా

—

వాషింగ్టన్
అక్టోబర్ 21

అక్కా,

ఆపిల్ బటర్ చేరింది. మా గుమస్తాలు బిస్కెట్లకి రాసుకుని సగం లేపేశారు. సారు కూడా ఒక చెంచా రుచి చూశారు. దాల్చినచెక్క సరిపోయింది.

బావ టై కట్టుకున్నాడని చదివి చాలాసేపు నవ్వాను. ఆ తర్వాత నవ్వలేదు.

ఆ గిన్నె మాటంటావా? ఆ కొండల్లో ఏ తల్లి అనదులే.

నువ్వు ఒక్క మాట అడిగావు. ఆ ఒక్క మాట చెప్పేంత గట్టిగా ఇక్కడ ఎవరికీ తెలియదు అక్కా. శుక్రవారానికి ఏదో తేలుతుందని పెద్దవాళ్ళంటున్నారు. ఇన్నాళ్ళు ఆగారు కాబట్టి ఇంకో రెండు మూడు రోజులు చూడండి. సారు చాలా గట్టిగా పోరాడుతున్నారు.

బావకి నా ముద్దులు. వద్దంటాడు, అయినా ఇవ్వు.

గార్లండ్

—

టర్నీ క్రీక్
నవంబర్ 1

గార్లండ్,

నీ శుక్రవారం వెళ్ళిపోయి ఎనిమిది రోజులైంది.

బుధవారం ఎల్డన్ గ్యారేజీలో పానా చేతిలో పట్టుకుని, దాన్నేమంటారే అని నన్నడిగాడు. వేళాకోళం అనుకున్నాను. తర్వాత పడిపోయాడు. సైజ్‌మోర్ గారు తల ఫొటో తీయించారు. మెదడుకి పాకింది. మూడు చోట్ల. ఒడెట్‌కి ఫోన్ చేస్తే పాపం ఆ పిల్ల ఏడ్చింది. తలకెక్కినవాళ్ళకి ఆ మందు ఇవ్వరట, తలుపులు తెరిచినా సరే. పాత బిళ్ళలు కూడా ఇక పనిచెయ్యవట.

ఇప్పుడు అసలు కబురు. అది జరగడానికి ముందురోజు లైబ్రరీకెళ్ళాను. ప్రసంగం అచ్చు వేయించి మంచం ఎదురుగా గోడకి అంటిద్దామనుకున్నాను, చూసుకుని సంతోషిస్తాడని. లైబ్రేరియన్ ప్రూయిట్ గారు సభ పుస్తకం కంప్యూటర్లో తీసి ఆ రోజుది చూపించింది. ప్రసంగం ఉంది, మూడు నిమిషాలు. దాని కింద అదే రోజు మధ్యాహ్నం జరిగిన ఓటు కూడా ఉంది. మొత్తం ప్రభుత్వాన్ని, ఆసుపత్రితో సహా, ఆ రోజే తెరవాలా వద్దా అని. బ్రాకెన్: వద్దు.

నేను తప్పు చదివాననుకున్నాను. ప్రూయిట్ గారు అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది. వెనక్కి వెళ్ళి ఒకటో తారీఖు నుంచీ చూశాం. అలాంటి ఓటు తొమ్మిదిసార్లొచ్చింది. తొమ్మిదిసార్లూ వద్దు, వద్దు, వద్దు. ఎల్డన్ పేరు చెప్పి రెండున్నర గంటలు కూడా కాలేదురా.

నీకు తెలుసా ఇది? ఆ ఉత్తరం ఎవరు రాశారు? అమ్మ మాట ఆయన నోట్లోకి ఎలా వెళ్ళింది?

వెర్నా

—

వాషింగ్టన్
నవంబర్ 5

అక్కా,

నేనే రాశాను.

నీకని రాయలేదు. ఆసుపత్రి గురించి ఎవరు రాసినా పంపడానికి మొదటి వారంలోనే ఒక జవాబు రాసి పెట్టాను. మాకు వచ్చే ఉత్తరాల్ని కింద కూర్చునే చిన్న గుమస్తా పిల్లలు పైపైన చదివి, ఏ సంగతో చూసి, దానికి తగ్గ జవాబు తీసి పంపేస్తారు. నువ్వు అడిగిన ప్రశ్న ఎవరూ చదవలేదు. వాక్యం పేలవంగా ఉందనిపించి అమ్మ మాట వేశాను. బాగుందని అందరూ మెచ్చుకున్నారు. సంతకం పెట్టేది యంత్రం. దానికి నిజం పెన్నే బిగిస్తారు, నిజం సిరానే పోస్తారు. వేలు తడిపి చూసేవాళ్ళుంటారని తెలిసే అలా చేశారు.

ఆసుపత్రి ఒక్కదాన్నీ విడిగా తెరిచే తీర్మానాన్ని సెనేట్ ముట్టుకోదని పెట్టిన రోజే మాకు తెలుసు. అది నెగ్గడానికి పెట్టింది కాదు, అవునన్నామని చెప్పుకోవడానికి పెట్టింది. మొత్తం తెరిచే ఓటొచ్చినప్పుడల్లా పార్టీ వద్దనమంది, సారు వద్దన్నారు. నేను అబద్ధం ఒక్కటీ రాయలేదు. ఒక ఓటు గురించి రాసి, తొమ్మిది ఓట్ల గురించి రాయలేదు. నా ఉద్యోగమే అది, అందులో నేను గట్టివాణ్ణి.

నువ్వు ఒక్క మాట అడిగిన ఉత్తరం నా బల్ల మీద రెండు రోజులుంది. "వెయ్యి" అని రాయాలి. ఎన్నిసార్లు కాగితం తీశానో. అలా రాస్తే ఎందుకని అడుగుతావు, ఎందుకో చెబితే ప్రసంగం గురించి చెప్పాలి, టై కట్టుకున్న మనిషికి ఏమని చెప్పను? పైగా శుక్రవారం తేలుతుందని నేనూ సగం నమ్మాను. సగమే.

ఉత్తరం పోస్టు చేశాక ఉండబట్టలేక మర్నాడు ఫోన్ చేశాను. నువ్వు బజారుకెళ్ళావు, బావ ఎత్తాడు. "ఏరా బామ్మర్దీ, మా పేరు నిలబెట్టావురా" అన్నాడు. అక్కడ చలి మొదలైందా అని అడిగి పెట్టేశాను.

శుక్రవారం బయల్దేరి వస్తాను. రావద్దంటే ఫోన్ చెయ్యి.

గార్లండ్

—

టర్నీ క్రీక్
నవంబర్ 21

గార్లండ్,

ఏడో తారీఖున నువ్వు గుమ్మంలోకొస్తే లోపలికి రానివ్వనందుకు నాకేమీ బాధ లేదు. ఎల్డన్‌కి అప్పటికి మనుషుల్ని గుర్తుపట్టే పూటలు తగ్గిపోయాయి. ఉన్న పూటలు నాకు కావాలనిపించింది.

అంత్యక్రియలప్పుడు చివరి వరసలో కూర్చున్నావు, చూశాను. నల్ల కోటు నీకు వదులైంది. పలకరిస్తే అందరి ముందూ నా నోటెంట ఏమొస్తుందో నాకే భయమేసింది. గ్యారేజీ వాళ్ళు లారీలన్నీ వరసగా నిలబెట్టి హారన్లు కొట్టారు, విన్నావుగా. అది మాత్రం ఆయనకి నచ్చేది.

నిన్న మీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. బంగారు ముద్ర. "మీ ప్రియమైన భర్త మరణవార్త విని ఎంతో చింతిస్తున్నాను. ఆ కష్టకాలంలో ఆసుపత్రి తెరవడానికి ఓటేసినందుకు ఇప్పటికీ గర్వపడుతున్నాను." వేలు తడిపి రుద్దాను. చెదిరింది. ఇది కూడా నువ్వు రాసి పెట్టిందేనా, లేక కింద కూర్చునే పిల్లలే నీ పాత వాక్యాలు అతికించారా? జవాబు చెప్పక్కర్లేదు.

నాకొకటి కావాలి. క్షమించమని మాత్రం రాయకు, చింపేస్తాను. ఆయన ఏ రోజు ఏ ఓటేశాడు, అదే రోజు నువ్వు ఆయన పేరు మీద ఏం రాసి పంపావు, రెండూ పక్కపక్కన నీ చేత్తో రాసి పంపు. టైపు చెయ్యకు. నాకు అన్నీ అక్కర్లేదు. నీ మనసుకి తట్టిన రోజులు చాలు. పక్కన కాస్త ఖాళీ వదులు.

వెర్నా

—

వాషింగ్టన్
నవంబర్ 26

అక్కా,

నువ్వడిగినట్టే నా చేత్తో రాస్తున్నా. ప్రతి రోజు కిందా ఖాళీ వదిలాను.

అక్టోబర్ 2. ఓటు: వద్దు. నేను రాసింది: "రోగుల్ని వాకిట్లో నిలబెట్టను."

అక్టోబర్ 14, మధ్యాహ్నం ఒంటిగంట. ఓటు: వద్దు. నేను రాసింది: బావ పేరున్న ప్రసంగం, దాన్నుంచి తీసిన చిన్న వీడియో ముక్క ఒకటి ఊరూరా పంపాం. అప్పటిదాకా ఆయన సందేశాల్లో జనం అంతగా చూసింది ఇంకోటి లేదు. ఆ సాయంత్రం ఆఫీసులో అందరూ నా భుజం తట్టారు.

అక్టోబర్ 21. ఓటు: వద్దు. నేను రాసింది: "అలుపెరగక పోరాడుతున్నా." అదే కలంతో నీకు రెండు మూడు రోజులు చూడమని రాశాను.

అక్టోబర్ 29. ఓటు: వద్దు. నేను రాసింది: జీతాల్లేని ఉద్యోగులకి కృతజ్ఞతలు.

నవంబర్ 12. తెరిచే ఓటు నెగ్గింది. మా ఓటు: వద్దు. అప్పుడు కూడా వద్దే. నేను రాసింది: "ఎట్టకేలకు తలుపులు తెరుచుకున్నాయి. మా ఎల్డన్ కోసం, ఎల్డన్ లాంటి వారందరి కోసం నేను మొదటి రోజు నుంచీ కోరింది ఇదే." బావ ఇక ఆ తలుపు దాటలేడని తెలిసే రాశాను. పేరు తీసేద్దామన్నాను. పేరుంటేనే బాగుంటుందన్నారు. ఉంచాను.

రాజీనామా రాసి సొరుగులో పెట్టి పదిరోజులైంది. ఇంకా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో నీకు చెప్పగలిగే కారణం నా దగ్గర లేదు. ఇంకా ఇక్కడే ఉన్నాను.

గార్లండ్

—

టర్నీ క్రీక్
డిసెంబర్ 2

గార్లండ్,

నీ కాగితం నీకే తిప్పి పంపుతున్నా. ఖాళీల్లో ఎల్డన్ రోజులు రాశాను. నీ రాతలో కలవకుండా పెన్సిలుతో రాశాను.

అక్టోబర్ 2 కింద: చిక్కుడు గింజలు రెండుసార్లు వడ్డించుకున్నాడు. మొక్కజొన్న రొట్టె మాడిందని నాతో దెబ్బలాడాడు. ఎదురింటి ముసలమ్మ కారుకి బ్యాటరీ మార్చాడు.

అక్టోబర్ 14 కింద: పొద్దున బిళ్ళల సీసా మూత తీసి, ఒక బిళ్ళ అరచేతిలో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాడు. ప్రసంగం అయ్యాక దాన్ని మళ్ళీ సీసాలో వేసేశాడు. టై మాత్రం సాయంత్రం దాకా విప్పలేదు.

అక్టోబర్ 21 కింద: చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. నేను పెట్టాను. చేతులు తిమ్మిరెక్కాయంతే అన్నాడు, నేను నమ్మాను. ఆ రోజు బిళ్ళ వేసుంటే ఏమయ్యేదని సైజ్‌మోర్ గారినడిగాను. "క్రిస్మస్ చూసేవాడేమో" అన్నారు. ఎక్కువ చెప్పలేదు, తక్కువా చెప్పలేదు. ఇందులో నా వేలికంటిన సిరా కూడా ఉంది, అది నీ మీద వెయ్యను.

అక్టోబర్ 29 కింద: పానా పేరు మర్చిపోయాడు.

నవంబర్ 12 కింద: సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఒడెట్ కాదు, ఇంకెవరో. చోటు ఖాళీ ఉంది, రావచ్చు అన్నారు. వాళ్ళ జాబితాలో ఇంకా పేరు కొట్టెయ్యలేదు. ఎల్డన్ మంచం వంటింట్లోకి మార్చానుగా, ఫోను మాటలు విన్నాడు. ఆ పూట తెలివిగానే ఉన్నాడు. "తెరిచారా?" అన్నాడు. తెరిచారన్నాను. ఓట్ల సంగతి నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. లైబ్రరీ కాగితం పిండి డబ్బా కింద దాచేశాను.

"చూశావా, మాటంటే మాటే" అన్నాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి, బ్రాకెన్ గారికి థాంక్స్ చెప్పు, మర్చిపోకు అన్నాడు. ఆయన నాతో సరిగ్గా మాట్లాడిన ఆఖరి మాట అదే. రెండు రోజులకి పోయాడు.

నువ్వు ఇంకా బ్రాకెన్ గారి దగ్గరే ఉన్నావుగా. చెప్పు.

వెర్నా టాకెట్